వాల్దసాల్ బిరుదు: ‘సంతానం లేదు’ అని నేను రాయలేదు

ఆక్లండ్‌లో వారసుల్ని వెతికిపెట్టే ఒక చిన్న సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరైనా వీలునామా రాయకుండా చనిపోతే దగ్గరి బంధువులెవరో తేల్చడం, అడిగినవాళ్ళకి కుటుంబ చరిత్ర తయారుచేసి సంతకం పెట్టి ఇవ్వడం మా పని. ఇప్పుడు ఆ ఆఫీసులో మన తెలుగు పిల్లలు కొందరు చేరారు. మాకు పనికొచ్చేవి ఏమైనా రాసిపెట్టండి అంకుల్ అని అడిగితే ఇది రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎలా వచ్చాయో ఇందులో ఉండదు. ఏ వెబ్‌సైటులో ఏం దొరుకుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. కాలేజీ రోజుల నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాది. రాయడానికి ముందు అవన్నీ వరసగా తిరగేశాను. చెప్పదగ్గ కేసులు చాలా ఉన్నాయి గానీ నా మనసు ఒక్కదాని దగ్గరే ఆగింది. ఆ కేసులో నన్ను ఒక అబద్ధం మీద సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. పెట్టి ఉంటే ఇంకొంత కాలం ఉద్యోగంలో ఉండేవాణ్ణి. ఆ సంగతి తెలిసే పెట్టలేదు.

రెండో ప్రశ్న

ఇక్కడికి రాకముందు కోస్తాలో ఒక మండల రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం జనం వచ్చేవారు. ఉద్యోగంలో కొత్త. ఒకాయన వచ్చి కూర్చున్నాడు.

"మీ నాన్నగారికి పిల్లలెంతమందండీ?"

"ఇద్దరమండీ. నేనూ, మా తమ్ముడూ."

రాసుకున్నాను. ఆయన లేచి వెళ్తుంటే గుమ్మం దగ్గర ఒకావిడ ఆయన సంచి పట్టుకుని నిలబడి ఉంది. ముఖం అచ్చం ఆయన ముఖమే.

"ఆవిడెవరండీ?"

"మా అక్కండీ."

"మరి ఇద్దరమన్నారు?"

"అదేనండీ, ఆడపిల్లలు కాకుండా."

ఆయన మోసం చేద్దామని చెప్పలేదు. ఆ ప్రశ్నకి ఆయన ఇంట్లో జవాబు అదే. ఆనాటి నుంచి నేను ఎవర్నయినా రెండుసార్లు అడగడం మొదలుపెట్టాను. పిల్లలెంతమంది? రాసుకున్నాక, పెన్ను కింద పెట్టకుండా, ఆడపిల్లలు? మా సూపరింటెండెంటుకి ఇది నచ్చలేదు.

"ఏవయ్యా, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు కదా! మళ్ళీ ఎందుకు లాక్కొస్తావు?"

"వెళ్ళిపోయారు సార్, చచ్చిపోలేదు" అన్నాను.

ఆ తర్వాత ఆయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆఫీసులో హాయిగా పనిచేసుకున్నది ఆ రోజుల్లోనే.

న్యూజిలాండ్ వచ్చి ఈ పనిలో చేరినప్పుడు ఇక్కడివాళ్ళు లెక్క సరిగ్గా చెబుతారనుకున్నాను. అది నా భ్రమ. ఇక్కడా లెక్కలోకి రానివాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. పెళ్ళికి ముందు పుట్టి దత్తతకి పోయిన పిల్ల, ఆస్ట్రేలియా వెళ్ళి మాటలు మానేసిన తమ్ముడు, ఇంట్లోవాళ్ళకి నచ్చని పెళ్ళి చేసుకున్న చెల్లెలు. రెండో ప్రశ్న ఇక్కడ కూడా అడగాల్సిందే. దాని మాటలు మాత్రం మారతాయి.

ఉంగరం ముందే చేయించుకున్న మనిషి

గ్రెగ్ సిల్వా దేశపు దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టి, ఆక్లండ్ శివారు ఆల్బనీలో వ్యాపారం పెట్టి బాగా స్థిరపడినవాడు. మా దగ్గరికి వచ్చేసరికే చిటికెన వేలికి రాజముద్ర చెక్కిన బంగారు ఉంగరం ఉంది. తమ పూర్వీకులు పోర్చుగల్‌లో వాల్దసాల్ విస్కౌంట్లని, ఆ బిరుదుకి ఇప్పుడు తనే వారసుడని, అది నిరూపిస్తూ కుటుంబ చరిత్ర రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడిగాడు. దాన్ని లిస్బన్‌లో ఇలాంటి బిరుదుల వివరాలు చూసే ఒక సంఘానికి పంపుతాడు. వాళ్ళు ఒప్పుకుంటే ఇన్వర్‌కార్గిల్‌లో బంధువులందర్నీ పిలిచి పెద్ద విందు.

బిరుదుల సంగతి కొంచెం చెప్పాలి. మన దగ్గర తెల్లదొరలు రావు బహద్దూర్ అని ఇచ్చేవారు. అది ఆ మనిషితోనే పోయేది. జమీందార్ల ‘రాజా’ అలా కాదు, తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేది. పోర్చుగల్ రాజులు రెండు రకాలూ ఇచ్చేవారు. ఒక తరానికే కొన్ని, రెండు తరాలకి కొన్ని, వంశం ఉన్నంతకాలం ఉండేవి చాలా కొద్ది. అలా శాశ్వతంగా ఇచ్చినదానికి కూడా కొత్త వారసుడు వచ్చినప్పుడల్లా రాజు ఆమోదం కావాలి. విస్కౌంటు అంటే కౌంటుకి కింద, బారన్‌కి పైన.

వాల్దసాల్ బిరుదు పుట్టింది సముద్రం మధ్యలో, పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల్లో. అక్కడ ఒక నారింజ తోటల ఆసామి ఇంగ్లండుకి ఓడల మీద పళ్ళు పంపేవాడు. తమ ఊరి రేవుకి రాతిగోడ కట్టించాడని రాజు ఆయన్ని విస్కౌంటు చేశాడు. మొదట ఆయన జీవితకాలానికే ఇచ్చి, తర్వాత వంశానికి శాశ్వతం చేశాడు. ఆపైన పోర్చుగల్‌లో రాచరికమే పోయింది. కొత్త ప్రభుత్వం బిరుదులన్నీ రద్దు చేసింది.

ఇదంతా గ్రెగ్‌కి తెలుసు. "చట్టంలో దాని విలువ సున్నా. అయినా నాకు కావాలి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. కావాల్సినదాన్ని కావాలని చెప్పే క్లయింట్లు తక్కువ.

"మా ముత్తాత అంతోనియో ఆ విస్కౌంటుకి ఒక్కగానొక్క కొడుకు. తిమింగలాల వేట ఓడ ఎక్కి ఈ దేశపు దక్షిణ తీరంలో దిగాడు. మేమంతా ఆయన సంతతి" అన్నాడు.

రాసుకున్నాను. పెన్ను కింద పెట్టలేదు. "అక్కచెల్లెళ్ళు?"

"ఒక అక్క. మరియా. సంతానం లేదు."

"ఎలా తెలుసు?"

"మా ఇంట్లో అందరికీ తెలుసు."

పిల్లలూ, ఈ మాట వినబడితే జాగ్రత్తపడండి. ఇంట్లో అందరికీ తెలిసిన విషయాన్నే ముందు వెతకాలి.

వెళ్ళే ముందు తలుపు దగ్గర ఆగి, "పోర్చుగల్, ఇండియా అంటూ తిరిగి సమయం వృథా చేయకండి. న్యూజిలాండ్‌లో ఉన్న సంతతి వరకు చాలు" అన్నాడు. సరే అన్నాను. ఇండియా మాట అప్పటిదాకా నేను ఎత్తలేదు.

జోన్ ఆంటీ పొయ్యి

నాతో పనిచేసే స్వాతిది నల్గొండ. ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో చదువుకుని ఆక్లండ్ వచ్చింది. ఆ ఊళ్ళో గ్రెగ్ మేనత్త జోన్ ఇంకా ఉంది. ఆ కుటుంబంలో అందరికంటే పెద్దావిడ. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరం మాట్లాడాం. మొదట స్వాతి ఆ ఊరి చలినీ గాలినీ ఆవిడతో కలిసి కాసేపు తిట్టుకుంది. తర్వాత అసలు ప్రశ్న.

"మా తాత అంతోనియో ఒక్కడే కొడుకు" అంది జోన్.

"ఆడపిల్లలు?" అంది స్వాతి.

అవతల నవ్వు. "ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు!"

ఆవిడ చెప్పింది ఇదీ. మరియా అంతోనియోకి అక్క. సైన్యంలో చేరమంటారని భయపడి తమ్ముడు ఓడెక్కి పారిపోయాడు. తండ్రికి ఒళ్ళు మండి, రాజు అనుమతితో బిరుదు కూతురికి వచ్చేలా చేశాడు. ఆయన తర్వాత మరియాయే వాల్దసాల్ విస్కౌంటెస్. తోటలూ ఓడలూ ఆమే చూసుకుంది. చెట్లకి తెగులు వచ్చి అంతా పోయింది. ఆమెకి ఒక్కతే కూతురు. ఆ అమ్మాయిని గోవాకి చెందిన ఒక ఉద్యోగికి ఇచ్చి చేస్తే, ఆయనకి సొంతూరికే బదిలీ అయింది. గోవా అప్పుడు పోర్చుగీసువాళ్ళదే.

"గోవా నుంచి ప్రతి క్రిస్మస్‌కి ఫోటో ఉన్న కార్డు వచ్చేది. నాకు గుర్తుంది, నేను చిన్నపిల్లని. మా నాన్న దాన్ని చూసి చలి కాచుకునే పొయ్యిలో వేసేవాడు. ఇదిగో, నా ముందున్న ఈ పొయ్యిలోనే."

"ఎందుకు?" అన్నాను.

"ఫోటోలో పిల్లలు నల్లగా ఉన్నారని. అప్పటి నుంచి మా ఇంట్లో మరియాకి సంతానం లేదు."

ఫోన్ పెట్టేసే ముందు, "వాళ్ళలో ఎవరైనా దొరికితే నా నంబరివ్వమ్మా. త్వరగా వెతుకు. నా దగ్గర టైమ్ ఎక్కువ లేదు" అంది.

స్వాతి నావైపు తిరిగింది. "అంకుల్, సంతానం లేకనా? ఉన్నోళ్ళను లేకుండ చేసిర్రు."

వెతికింది ఎక్కడ, దొరికింది ఎక్కడ

మరియా కూతురికి కూతురు, ఆమెకి మళ్ళీ కూతురు ఫిలొమీనా. ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారింది. మగవాడి ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్ళేవాళ్ళకి ఇలాంటి కుటుంబం మొదటి పెళ్ళి దగ్గరే మాయమైపోతుంది. మేం ఇంటిపేర్లు పక్కనపెట్టి బాప్తిస్మం ఇప్పించిన తల్లుల పేర్లు పట్టుకుని ముందుకు నడిచాం. ఈ పనిలో ఎక్కువ భాగం స్వాతిదే. గోవాలో చర్చిలకి ఫోన్లు, మెయిళ్ళు, విసుగు పుట్టించే ఎదురుచూపులు. చివరికి మార్గావ్‌లో ఆ కుటుంబాన్ని ఎరిగిన ఒక పెద్దాయన వీడియో కాల్‌లో దొరికాడు.

"ఫిలొమీనానా? ఆమెని నన్నడుగుతారేం? ఆమె మీ ఆక్లండ్‌లోనే ఉంది కదా!"

మా ఊరి దక్షిణ శివారు మనురేవాలో ఉంది. సూపర్‌మార్కెట్‌లో బిల్లులు వేసే చెక్‌అవుట్ దగ్గర పనిచేస్తుంది. ఫోన్ చేసి, ఆమె రమ్మన్నాక, స్వాతీ నేనూ వెళ్ళాం. అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టుంది, యూనిఫామ్ మీదే టీ పెట్టింది. ఆమె ఇద్దరు కూతుళ్ళు సోఫా వెనక నిలబడి విన్నారు. మేం బిరుదు సంగతి చెప్పగానే పెద్దమ్మాయి తల్లికి వంగి దండం పెట్టింది. చిన్నమ్మాయి బిస్కెట్ల ప్లేటు రెండు చేతులతో పట్టుకుని, "మహారాణీ, తమరు డిష్‌వాషర్ ఖాళీ చేస్తారా, మేం చేయాలా?" అంది.

ఫిలొమీనా పడీపడీ నవ్వింది. "విస్కౌంటెస్! ఈ మాట మా మేనేజర్‌కి చెబితే ఆదివారం షిఫ్టు తీసేస్తాడంటారా?"

తర్వాత నేను, గ్రెగ్ ఇంట్లో మరియాకి సంతానం లేదని చెప్పుకుంటారని అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మమ్మ మరియా కూతురు" అంది. "ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు మా అందర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీయించేది. అంతకుముందు మా అమ్మనీ పిన్నుల్నీ, తర్వాత నన్నూ మా చెల్లెల్నీ. తలకి నూనె రాసి, గట్టిగా దువ్వి. ఎవరికమ్మమ్మా అంటే, మా మామయ్య వాళ్ళింటికి, న్యూజిలాండ్‌కి అనేది. ఒక్కసారి కూడా జవాబు రాలేదు. పోయేదాకా పంపుతూనే ఉంది."

ఆ కార్డులు ఏమయ్యాయో చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"బిరుదు ఆయన్నే ఉంచుకోమనండి. నేనేం చేసుకుంటాను? కానీ మా అమ్మమ్మ పుట్టనే లేదని రాస్తే మాత్రం ఊరుకోను."

స్వాతి ఆమెకి జోన్ నంబరిచ్చి వచ్చింది.

హెలెన్ గదిలో

మా బాస్ హెలెన్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. పని నేర్పడంలో ఆమెకి సాటి లేదు. కొత్తవాళ్ళ తప్పుల్ని నలుగురిలో ఎత్తిచూపేది కాదు. పెద్ద క్లయింటు ఎదురైతే మాత్రం కొంచెం వంగేది. నా రిపోర్టు ముసాయిదా చదివి తలుపు వేసింది.

"మరియా కింద ‘సంతానం లేదు’ అని రాయాలని గ్రెగ్ కోరుతున్నాడు. అలా నువ్వు రాయలేవు, నాకు తెలుసు. ‘సంతానం దొరకలేదు’ అని రాయి. అది అబద్ధం కాదు."

"పోయిన వారం ఆమె ఇంట్లో టీ తాగాను హెలెన్."

"మనం ఇండియాలో వెతకాల్సిన అవసరం లేదు. న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్ళ వరకే అని క్లయింటే చెప్పాడు."

"అవును. ఆమె న్యూజిలాండ్‌లోనే ఉంది. మన ఆఫీసు నుంచి ట్రైన్ ఎక్కి వెళ్ళొచ్చు."

హెలెన్ కళ్ళు మూసుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. కళ్ళు తెరిచాక నవ్వు లేదు.

మన పనిలో మూడు మాటలున్నాయి. లేరు, దొరకలేదు, వెతకలేదు. ‘వెతకలేదు’ అని రాయడానికి సిగ్గుపడకండి, అది నిజమైతే రాయండి. ‘దొరకలేదు’ అనేది వెతికి అలిసినవాడు రాసే మాట. దొరికిన మనిషిని దాచడానికి దాన్ని వాడితే, అది ‘లేరు’ కంటే నీచం. ఎందుకంటే అందులో మన శ్రమని కూడా సాక్ష్యం పెట్టి అబద్ధమాడుతున్నాం.

మర్నాడు గ్రెగ్ స్వయంగా వచ్చాడు. హెలెన్, నేను, స్వాతి ఉన్నాం.

"ఒక చెక్‌అవుట్ ఆవిడ వాల్దసాల్ వారసురాలా? లిస్బన్‌లో నన్ను చూసి నవ్వుతారు."

"మరియా నారింజ బుట్టలు తన చేతుల మీదుగా ఓడలకెక్కించింది. ఆమెకి చెక్‌అవుట్ కొత్తగా ఉండేది కాదు" అన్నాను. "ఆ బిరుదు మీకు చెందుతుందా, ఆమెకి చెందుతుందా అన్నది లిస్బన్ వాళ్ళు తేల్చుకుంటారు. కొడుకు సంతతి అన్న మీ వాదన మీకుంది, దాన్ని కూడా రిపోర్టులో రాశాను. నా పని ఎవరెవరు ఉన్నారో చెప్పడం. ఆమె ఉంది."

"మీరు ఇండియన్ కాబట్టి ఆమె పక్షం తీసుకుంటున్నారు."

స్వాతి ఏదో అనబోయింది. నేను ఆపాను. ఆ జవాబు నాది.

"ఇండియాలో ఉండగా ఇదే పని చేస్తే ఆడవాళ్ళ పక్షం అన్నారు. ఇక్కడ ఇండియన్ల పక్షం అంటున్నారు. లెక్కలోంచి తీసేసిన మనిషిని మళ్ళీ లెక్కలో చేర్చినప్పుడల్లా ఆ మాట వస్తుంది. నాకు అలవాటే. సంతకం మాత్రం పెట్టను."

"ఇంకొకరు పెడతారు."

"పెట్టనివ్వండి. అది వాళ్ళ పేరు."

గ్రెగ్ రిపోర్టు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఇంకెక్కడో రాయించుకున్నాడు. హెలెన్ నా రిపోర్టులో ఒక్క అక్షరం మార్చలేదు, ఆ గౌరవం ఆమెకి ఇవ్వాలి. కొన్నాళ్ళ తర్వాత మాత్రం, రిటైర్మెంట్ గురించి ఆలోచించావా అని మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం నాకు అర్థమైంది. నా బల్ల సర్దుకుని వచ్చేశాను. వీడ్కోలు పార్టీలో ఉపన్యాసం ఇవ్వమంటే, రెండో ప్రశ్న అడగడం మానకండి అని చెప్పి కేకు తిన్నాను.

ఇన్వర్‌కార్గిల్ విందు

లిస్బన్ నుంచి జవాబు రాకముందే గ్రెగ్ విందు పెట్టేశాడు. ఫిలొమీనా, జోన్ అప్పటికే వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. జోన్ ఆమెనీ, కూతుళ్ళనీ రమ్మంది. స్వాతినీ నన్నూ కూడా తన అతిథులుగా పిలిచింది. ఇక నేను ఆ సంస్థ మనిషిని కాదు, వెళ్ళాను. ఎయిర్‌పోర్టు నుంచి స్వాతి కారు నడిపింది. "గీ చలిల సదివిన అంకుల్ నేను. నాకు బిరుదియ్యాలె అసలు" అంది.

హాలు నిండా జనం. వేదిక పక్కన గోడ ఎత్తున వంశవృక్షం, పైన ఆ ముద్ర. అంతోనియో కింద కొమ్మలు గ్రెగ్ దాకా, అతని మనవల దాకా పాకాయి. పక్కన మరియా పేరు. దాని కింద ఒక గీత. గీత కింద, ‘సంతానం లేదు.’

ఫిలొమీనా దాని ముందు చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి కూతుళ్ళని పిలిచింది. ఇద్దర్నీ చెరోవైపు నిలబెట్టింది. చిన్నదాని జుట్టు చేత్తో గట్టిగా దువ్వింది.

"అమ్మా, ఏంటిది? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. కదలకు."

ముగ్గురి తలల మీదుగా ఆ రెండు మాటలు స్పష్టంగా కనబడుతున్నాయి. హాల్లో గోల నెమ్మదిగా తగ్గిపోయింది. వాకర్ నేలకి తగిలే చప్పుడు వినబడింది. జోన్ ఆంటీ ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చి, ఫిలొమీనా పక్కన నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"గ్రెగ్" అని పిలిచింది. "ఇలా రా. ఫోటో నువ్వే తియ్యి."

"ఆంటీ, ఇప్పుడా..."

"నీకు గుర్తులేదేమో, నీకు స్నానాలు చేయించింది నేను. తియ్యి."

అతని ముఖం కందిపోయింది. ఉంగరం ఉన్న చేత్తోనే ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. రెండోది కూడా తీయమంది జోన్, మొదటిదాంట్లో తను కళ్ళు మూసిందని.

బిరుదు సంగతి లిస్బన్ వాళ్ళు ఇప్పటికీ తేల్చలేదు. ఫిలొమీనా ఆ క్రిస్మస్‌కి ఆ ఫోటోనే కార్డుగా వేయించి, అమ్మమ్మ పంపిన ఆ పాత అడ్రసుకే పోస్టు చేసింది. జోన్ ఉంటున్నది ఇప్పటికీ ఆ ఇంట్లోనే. మొన్న స్వాతి వెళ్ళినప్పుడు చూసి వచ్చిందట. కార్డు పొయ్యి పైనున్న అర మీద, గదిలోకి ఎవరొచ్చినా ముందు అదే కనబడేలా ఉందట.